2147483647: ఒక సంఖ్య గుణాలు ఎక్కడి నుంచి పుడతాయి?

రెండు వందల పధ్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. అంకెల్లో రాస్తే 2147483647. ప్రోగ్రాములు రాసేవారిలో చాలామందికి ఈ సంఖ్య కంఠతా వచ్చు, ఎందుకంటే ధన, రుణ పూర్ణాంకాలను 32 బిట్లలో భద్రపరిచే పద్ధతిలో ఇంతకన్నా పెద్ద సంఖ్య పట్టదు. సంఖ్యాశాస్త్రం చదివినవారికి ఇది వేరే దారిలో పరిచయం. గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్ 1772లో దీన్ని ప్రధాన సంఖ్య అని తేల్చిన తర్వాత, పందొమ్మిదో శతాబ్దం నడిమి దాకా మనుషులకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నింటిలోకి ఇదే పెద్దదిగా నిలిచింది.

ఇటువంటి పెద్ద సంఖ్య గురించి వెతికితే సాధారణంగా ఒక పొడవైన చిట్టా దొరుకుతుంది. బేసి సంఖ్య, ప్రధాన సంఖ్య, న్యూన సంఖ్య, మెర్సెన్ ప్రధాన సంఖ్య, డబుల్ మెర్సెన్ ప్రధాన సంఖ్య, రెండు వర్గాల మొత్తంగా రాయడానికి వీలులేనిది, అంకెల మొత్తం 46, ఇలా సాగుతుంది ఆ వరస. అందులో తప్పేమీ ఉండదు, కానీ చదివినవారికి మిగిలేది అయోమయమే. ఈ గుణాలన్నీ ఒకే బరువు ఉన్నవి కావు, ఒకే చోట పుట్టినవీ కావు. కొన్ని మనం పదుల్లో లెక్కించే అలవాటు వల్ల కనబడేవి, కొన్ని ఆ సంఖ్య నిర్మాణం నుంచి వచ్చేవి, మరికొన్ని అది ప్రధాన సంఖ్య కావడం వల్ల వచ్చేవి. ఏది ఎక్కడిదో విడదీసి చూస్తే తప్ప ఈ సంఖ్యను నిజంగా ఎరిగినట్టు కాదని నా అభిప్రాయం.

పదుల్లో రాసినప్పుడు

ముందుగా అన్నింటికన్నా పైపై గుణాలను చూద్దాం. 2, 1, 4, 7, 4, 8, 3, 6, 4, 7 అనే పది అంకెలను కూడితే 46 వస్తుంది. మనకు పది వేళ్లకు బదులు ఎనిమిది వేళ్లుండి, ఎనిమిదుల్లో లెక్కించి ఉంటే ఈ 46 ఎక్కడా కనబడేది కాదు. అయితే ఈ మొత్తం పూర్తిగా నిరుపయోగం అనలేం. పది, వంద, వెయ్యి వంటి స్థానాలన్నీ తొమ్మిదితో భాగిస్తే 1 శేషం ఇచ్చేవే కాబట్టి, అంకెల మొత్తానికి వచ్చే శేషమే అసలు సంఖ్యకూ వస్తుంది. 46ను తొమ్మిదితో భాగిస్తే 1 మిగులుతుంది, అంటే మన సంఖ్యను 3 గాని 9 గాని నిశ్శేషంగా భాగించవు. చివరి అంకె 7 కావడం వల్ల 2, 5 కూడా తప్పుకుంటాయి. పదుల్లో రాసిన రూపం ఇంతకుమించి పెద్దగా ఏమీ చెప్పదు.

అంకెల గురించి మాట్లాడుతున్నప్పుడు మన భాషలోని ఒక సంప్రదాయాన్ని తలచుకోకుండా ఉండలేను. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున రెట్టిస్తూ పోతే 64 గడులకూ కలిపి ఎన్ని గింజలవుతాయో చెప్పే పాత తెలుగు పద్యం ఒకటుంది. ‘శర శశి షట్క చంద్ర’ అని మొదలయ్యే ఆ పద్యంలో శర అంటే 5, శశి అంటే 1, షట్క అంటే 6, చంద్ర అంటే 1. ఇలా మాటలను అంకెలుగా మార్చి, కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటే 18446744073709551615 వస్తుంది. ఇది 2⁶⁴ − 1కు అక్షరాలా సమానం. అదే భూతసంఖ్యల పద్ధతిలో మన సంఖ్యను చెప్పాలంటే ‘గిరి, వేద, ఋతు, అగ్ని, గజ, యుగ, నగ, వేద, చంద్ర, నేత్ర’ అనవచ్చు. కొండలు ఏడు, వేదాలు నాలుగు, ఋతువులు ఆరు, అగ్నులు మూడు, దిగ్గజాలు ఎనిమిది, యుగాలు నాలుగు, మళ్లీ కొండలు ఏడు, వేదాలు నాలుగు, చంద్రుడు ఒకటి, కన్నులు రెండు. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పోతూ రాస్తే 2147483647 పూర్తవుతుంది.

ఈ ప్రస్తావన అలంకారం కోసం తెచ్చింది కాదు. అదే పలక మీద 31వ గడి దాకా ఆగితే ఆ గడులన్నింటిలోని గింజల మొత్తం సరిగ్గా 2147483647. వెయ్యి వడ్లగింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే ఇది సుమారు 43 టన్నుల ధాన్యం, అంటే 75 కిలోల బస్తాలు ఐదు వందల డెబ్భైకి పైగా. సగం పలక కూడా నిండకముందే ఒక మోస్తరు గోదాము కావలసి వస్తుందన్నమాట.

ముప్పై ఒక్క ఒకట్లు

1 + 2 + 4 + 8 అంటూ 31 పదాలు కూడితే 2³¹కి ఒకటి తక్కువ వస్తుంది. ఈ సంఖ్య అసలు నిర్మాణం అదే. రెండంకెల మానంలో, అంటే కంప్యూటరు వాడే 0, 1లతో రాస్తే ఇది వరుసగా 31 ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా కూడా ఉండదు. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్య అని చిట్టాల్లో రాసేది ఈ రూపాన్ని చూసే.

2ను ఏదో ఒక ఘాతానికి పెంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యలను పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ సన్యాసి మారిన్ మెర్సెన్ పేరుతో పిలుస్తారు. ఇవి ఎప్పుడు ప్రధాన సంఖ్యలు కాగలవు అన్నదానికి ఒక ముఖ్యమైన షరతును ఒకట్ల వరస చూస్తేనే పట్టుకోవచ్చు. 15 ఒకట్లున్న సంఖ్యను తీసుకోండి. ఆ ఒకట్లను మూడేసి చొప్పున ఐదు గుంపులుగా విడదీయవచ్చు, ప్రతి గుంపూ 111, అంటే 7. కాబట్టి ఆ సంఖ్యను 7 భాగిస్తుంది. ఐదేసి చొప్పున విడదీస్తే ప్రతి గుంపూ 11111, అంటే 31 కాబట్టి 31 కూడా భాగిస్తుంది. నిజానికి 2¹⁵ − 1 అంటే 32767, అది 7 × 31 × 151. ఒకట్ల సంఖ్యను సమాన గుంపులుగా విడదీయగలిగితే ఆ మెర్సెన్ సంఖ్య ఎప్పటికీ ప్రధానం కాదు. 31 ప్రధాన సంఖ్య కాబట్టి మన ముప్పై ఒక్క ఒకట్లను అలా విడదీయడం కుదరదు.

అయితే ఇది తప్పనిసరి షరతే గాని, చాలినంత షరతు కాదు. ఇక్కడే చాలామంది తడబడతారు, ఒకప్పుడు పెద్ద పండితులు కూడా తడబడ్డారు. ఇటలీకి చెందిన పియెత్రో కాటాల్డి 1588లో 2¹⁹ − 1, అంటే 524287 ప్రధాన సంఖ్య అని సరిగ్గానే తేల్చాడు. 724 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితో భాగించి చూడడం ఆయన పద్ధతి. ఆ ఊపులో ఘాతాంకం 23, 29, 31, 37 అయినప్పుడు కూడా ప్రధాన సంఖ్యలే వస్తాయని ప్రకటించాడు. ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా 1640లో 2²³ − 1ని 47 భాగిస్తుందని, 2³⁷ − 1ని 223 భాగిస్తుందని చూపాడు. 2²⁹ − 1 అయితే 233 × 1103 × 2089 అని తేలింది. కాటాల్డి చెప్పిన నాలుగింటిలో ఒక్క 31 మాత్రమే నిలబడింది. 1644లో మెర్సెన్ ఇచ్చిన జాబితాలో కూడా 31 ఉంది. అందులోనూ 67, 257 తప్పుగా చేరాయి, 61, 89, 107 జారిపోయాయి. ఊహించడం వేరు, నిరూపించడం వేరు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ సంఖ్యాశాస్త్రంలో అరుదు.

ఆయిలర్ వేసిన జల్లెడ

2147483647 ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చాలంటే దాని వర్గమూలం దాకా, అంటే 46340 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితో భాగించి చూడాలి. అవి సుమారు 4,800 ఉంటాయి. కాగితం మీద అన్ని భాగాహారాలు తప్పులేకుండా చేయడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. 1772 నాటికి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ఆయిలర్‌కు చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఆ స్థితిలో ఆయన ఈ ఫలితాన్ని గణితవేత్త మూడో యోహాన్ బెర్నూలీకి రాసిన ఉత్తరంలో తెలిపాడు. భాగాహారాల సంఖ్యను తగ్గించగలగడమే ఆయన సాధించిన అసలు ఘనత.

ఆ తర్కం అర్థం చేసుకోవడానికి ఇంటర్ స్థాయి గణితం చాలు. 2³¹ − 1ని ఏదో ఒక ప్రధాన సంఖ్య భాగిస్తుందని అనుకుందాం. అప్పుడు 2³¹ని దానితో భాగిస్తే శేషం 1 రావాలి. 2, 4, 8, 16 అంటూ రెట్టిస్తూ, ప్రతిసారీ ఆ భాజకంతో భాగించి శేషాలు రాసుకుంటూ పోతే, ఎక్కడో ఒకచోట 1 వచ్చి అక్కడి నుంచి శేషాలు మళ్లీ మొదటి నుంచి తిరగడం మొదలుపెడతాయి. 31వ మెట్టులో 1 వచ్చింది కాబట్టి ఆ తిరుగుడు పొడవు 31ని భాగించాలి. 31 ప్రధాన సంఖ్య గనుక ఆ పొడవు 1 కావాలి లేదా 31 కావాలి, 1 కావడం అసాధ్యం. కాబట్టి అది సరిగ్గా 31. మరోపక్క ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, భాజకానికి ఒకటి తక్కువైన మెట్టులో కూడా శేషం 1 రావాలి. అందువల్ల భాజకంలో నుంచి ఒకటి తీసేస్తే మిగిలేది 31కి గుణిజం. భాజకం బేసి కాబట్టి అది 62కి కూడా గుణిజం. ఇంతటితో ప్రతి 62 సంఖ్యల్లో ఒక్కదాన్ని తప్ప మిగతావన్నీ పక్కన పెట్టేయవచ్చు.

దీని మీద మరో జల్లెడ ఉంది. 2³¹కి శేషం 1 అయితే 2³²కి శేషం 2 అవుతుంది, 2³² అంటే 2¹⁶కి వర్గం. అంటే ఆ భాజకం దృష్టిలో 2 కూడా ఒక వర్గమే. అలా జరగాలంటే ఆ ప్రధాన సంఖ్యను 8తో భాగించినప్పుడు 1 గాని 7 గాని మిగలాలి. రెండు షరతులనూ కలిపితే, భాజకం 248తో భాగించినప్పుడు 1 లేదా 63 శేషం ఇచ్చేదై ఉండాలి. 46340 లోపు అటువంటివి, 63ని మినహాయిస్తే, 372 మాత్రమే ఉన్నాయి. వాటిలోనూ ప్రధాన సంఖ్యలు వందకు లోపే.

మొదటి కొన్నింటిని మనమే చూడవచ్చు. 249 అంటే 3 × 83 కాబట్టి వదిలేయవచ్చు. తర్వాతిది 311, ఇది ప్రధాన సంఖ్య. 2147483647ను 311తో భాగిస్తే 6905092 వచ్చి 35 మిగులుతుంది, కాబట్టి ఇది కాదు. ఆ తర్వాత వచ్చే 497, 559, 745, 807, 993, 1055, 1241 అన్నీ సంయుక్త సంఖ్యలే. మళ్లీ ప్రధాన సంఖ్య తగిలేది 1303 దగ్గర. దానితో భాగిస్తే 1648107 వచ్చి 226 మిగులుతుంది, ఇదీ కాదు. ఇలా చివరిదాకా పోయినా ఏదీ నిశ్శేషంగా భాగించదు. ఓపిక ఉన్న విద్యార్థి ఒక సెలవు రోజున క్యాలిక్యులేటర్ పట్టుకుని ఈ పని మొత్తం పూర్తి చేయగలడు, చేయమని నేను గట్టిగా చెబుతాను.

నూరేళ్ల తర్వాత ఎడ్వర్డ్ లూకా ఇంకా పొట్టి దారి కనిపెట్టాడు, 1930లో డెరిక్ హెన్రీ లేమర్ దానికి తుది రూపం ఇచ్చాడు. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి, పరీక్షించే మెర్సెన్ సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. చిన్న సంఖ్య మీద చూస్తే బోధపడుతుంది. 2⁵ − 1, అంటే 31కి: 4, తర్వాత 14, తర్వాత 194ను 31తో భాగిస్తే మిగిలే 8, తర్వాత 62ను 31తో భాగిస్తే మిగిలే 0. సున్నా వచ్చింది కాబట్టి 31 ప్రధానం. 2147483647కు ఇదే పని 29 మెట్లలో ముగుస్తుంది. 2024 అక్టోబరులో బయటపడిన, 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్న 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1ను ప్రధాన సంఖ్య అని నిర్ధారించింది కూడా ఈ పరీక్షతోనే.

ఏ కోవలో చేరుతుంది, ఎందుకు

ప్రధాన సంఖ్య అని తేలాక కొన్ని వర్గీకరణలు వాటంతట అవే వచ్చిపడతాయి. తనను మినహాయించి దీనికున్న భాజకం 1 ఒక్కటే, ఆ మొత్తం తనకన్నా తక్కువ కాబట్టి ఇది న్యూన సంఖ్య. ప్రతి ప్రధాన సంఖ్యా న్యూన సంఖ్యే గనుక ఇందులో విశేషమేమీ లేదు.

విశేషం ఉన్నది దీని నుంచి పుట్టే మరో సంఖ్యలో. యూక్లిడ్ కాలం నుంచి తెలిసిన సూత్రం ప్రకారం, ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్యా ఒక పరిపూర్ణ సంఖ్యను ఇస్తుంది. పరిపూర్ణ సంఖ్య అంటే తన సొంత భాజకాల మొత్తానికి తానే సమానమైనది; 6 అంటే 1 + 2 + 3 అన్నట్టు. మన సంఖ్యను 2³⁰తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది, ఇది ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య. ఇంగ్లండుకు చెందిన పీటర్ బార్లో 1811లో దీని గురించి రాస్తూ, ఇటువంటి సంఖ్యలు ఉపయోగం లేని వింతలే కాబట్టి ఇంతకన్నా పెద్దదాన్ని కనిపెట్టే ప్రయత్నం ఎవరూ చేయరని తేల్చేశాడు. 1876లోనే లూకా 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని నిరూపించాడు. మనిషి కుతూహలాన్ని బార్లో తక్కువగా అంచనా వేశాడనే చెప్పాలి.

ఇక వర్గాల మొత్తాల విషయం. ఇక్కడ ప్రధానత్వం కన్నా నిర్మాణానిదే పైచేయి. 2³¹ని 8 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి అందులో ఒకటి తగ్గిన మన సంఖ్యను 8తో భాగిస్తే 7 మిగులుతుంది. ఏ పూర్ణాంకపు వర్గాన్నయినా 8తో భాగిస్తే 0, 1, 4లలో ఒకటే మిగులుతుంది. వీటిలో మూడింటిని ఎలా కలిపినా 7 రాదు. కాబట్టి దీన్ని రెండు వర్గాల మొత్తంగానే కాదు, మూడు వర్గాల మొత్తంగా కూడా రాయలేం. నాలుగు వర్గాలు చాలని లాగ్రాంజ్ 1770లో నిరూపించిన సిద్ధాంతం హామీ ఇస్తుంది, నిజంగానే 46339² + 425² + 10² + 1² = 2147483647. కూడి సరిచూసుకోవచ్చు. ప్రధానత్వం, 4తో భాగిస్తే 3 మిగలడం అనే రెండు గుణాలూ కలవడం వల్ల, ఊహాసంఖ్యలను కలుపుకున్న గాస్ పూర్ణాంకాల లోకంలో కూడా ఇది చీలకుండా ప్రధానంగానే నిలుస్తుంది. 5 అలా కాదు; అది రెండు ముక్కలవుతుంది.

పొరుగు సంఖ్యలకు ఈ అదృష్టం లేదు. రెండు తగ్గిస్తే 2147483645, దాన్ని 5 భాగిస్తుంది. రెండు కలిపితే 2147483649, దాన్ని 3 భాగిస్తుంది. కాబట్టి దీనికి జంట ప్రధానం లేదు. అయితే 2147483649ని 3తో భాగిస్తే వచ్చే 715827883 మళ్లీ ప్రధాన సంఖ్య. మన సంఖ్యను రెట్టింపు చేసి ఒకటి కలిపితే 4294967295, అంటే 2³² − 1 వస్తుంది. అది 3 × 5 × 17 × 257 × 65537. ఇవి ఐదూ ఫెర్మా ప్రధాన సంఖ్యలు, అంటే 2 ఘాతానికి ఒకటి కలిపితే వచ్చే ప్రధాన సంఖ్యలు; ఇప్పటివరకు తెలిసినవి ఆ ఐదే. ఈ పరిసరాలంత అందమైనవి సంఖ్యారేఖ మీద నాకు తక్కువగా తారసపడ్డాయి.

కంప్యూటరుకు కావలసింది ఏది?

32 బిట్లలో ఒకదాన్ని గుర్తుకు కేటాయిస్తే మిగిలేవి 31. అవన్నీ ఒకట్లయితే వచ్చేదే ఈ హద్దు. దానికి ఒకటి కలిపితే గుర్తు బిట్టు మారిపోయి −2147483648 ప్రత్యక్షమవుతుంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లను ఈ పద్ధతిలో లెక్కపెట్టే యంత్రాలకు 2038 జనవరి 19 మంగళవారం, మన కాలమానంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఈ హద్దు వస్తుంది. సరిచేయని వ్యవస్థ మరుసటి సెకనులో 1901 డిసెంబరుకు వెళ్లిపోతుంది. 2014 డిసెంబరులో ఒక దక్షిణ కొరియా పాట వీక్షణలు ఈ హద్దుకు చేరడంతో, తమ లెక్కింపును 64 బిట్లకు మార్చినట్టు యూట్యూబ్ తెలిపింది.

ఇందులో ప్రధానత్వానికి పాత్ర ఉందా అంటే, లేదు. 8 బిట్లకు హద్దు 127, అది ప్రధానం. 16 బిట్లకు 32767, అది పైన చూసినట్టు సంయుక్తం. 64 బిట్లకు 9223372036854775807, అందులోని 63 ఒకట్లను మూడేసిగా విడదీయవచ్చు గనుక దాన్ని 7 భాగిస్తుంది. హద్దుగా వాడడానికి ఈ నాలుగూ ఒకే విధంగా పనికొస్తాయి. 32 బిట్ల హద్దు ప్రధాన సంఖ్య కావడం యంత్రం దృష్టిలో కేవలం యాదృచ్ఛికం.

ఆ యాదృచ్ఛికాన్ని పనిలో పెట్టిన చోటు మాత్రం ఒకటుంది. ఐబీఎంకు చెందిన లూయిస్, గుడ్‌మన్, మిల్లర్ 1969లో యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించడానికి ఒక పద్ధతి ఇచ్చారు. 1988లో స్టీఫెన్ పార్క్, కీత్ మిల్లర్ (ఈయన వేరే మిల్లర్) దాన్నే కనీస ప్రమాణంగా ప్రతిపాదించారు. దీని వెనకున్న ఆలోచన పైన చెప్పిన లేమర్‌దే. ఉన్న సంఖ్యను 16807తో గుణించి, 2147483647తో భాగించి, శేషాన్ని తర్వాతి సంఖ్యగా తీసుకోవాలి. 1తో మొదలుపెడితే 16807, 282475249, 1622650073, 984943658 అని సాగుతుంది. పదివేలవ మెట్టులో 1043618065 రావాలి, అలా రాకపోతే ప్రోగ్రాములో తప్పున్నట్టే.

ఇక్కడ నిర్మాణం, ప్రధానత్వం రెండూ చెరో పని చేస్తాయి. ప్రధానత్వం వల్ల సున్నా ఎప్పటికీ తగలదు, సరైన గుణకాన్ని ఎంచుకుంటే 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కొక్కసారి వచ్చిన తర్వాతే వరస మొదటికి తిరుగుతుంది. 2ను గుణకంగా పెడితే 31 మెట్లలోనే తిరిగి 1 వస్తుంది, అదేమిటో పైన చూశాం. 7 అయితే అన్నింటినీ చుట్టి వస్తుంది, అటువంటి వాటిలో అతి చిన్నది అదే. 16807 అంటే 7⁵. 2147483646ని విడదీస్తే 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331, ఇందులో 5 లేదు కాబట్టి 7కున్న శక్తి 7⁵కూ ఉంటుంది. ఇలా పూర్తిగా చుట్టి వచ్చే గుణకాలు మొత్తం 53 కోట్ల 46 లక్షలు, ఒక్కటి ఎక్కువా కాదు, తక్కువా కాదు.

నిర్మాణం చేసే పని వేగానికి సంబంధించినది. మూడో మెట్టులో 282475249ని 16807తో గుణిస్తే 4747561509943 వస్తుంది. దాన్ని 2147483647తో భాగించనక్కర్లేదు. 2³¹తో భాగిస్తే చాలు, అది యంత్రానికి బిట్లను పక్కకు జరపడమే. భాగఫలం 2210, శేషం 1622647863. ఈ రెండింటినీ కూడితే 1622650073, అదే జవాబు. తొమ్మిదితో భాగించడానికి బదులు అంకెలను కూడుకున్నట్టే ఇది కూడా. పదికి తొమ్మిది ఎలాగో, 2³¹కి మన సంఖ్య అలాగ. ఈ పద్ధతిలో వచ్చే సంఖ్యలు రహస్య సంకేతాలకు పనికిరావు, ఎందుకంటే ఒకటి తెలిస్తే తర్వాతిది తెలిసిపోతుంది. పెద్ద అనుకరణ లెక్కలకు ఇప్పుడు ఇంతకన్నా మెరుగైనవి వచ్చాయి.

దీని మీద మరో మెట్టు

చిట్టాలో మిగిలిపోయిన మాట డబుల్ మెర్సెన్. ఇక్కడ ఘాతాంకమైన 31 కూడా మెర్సెన్ ప్రధాన సంఖ్యే, అది 2⁵ − 1. ఇలా మెర్సెన్ మీద మెర్సెన్‌గా నిలిచిన ప్రధాన సంఖ్యలు ఇప్పటికి నాలుగే తెలుసు: 7, 127, 2147483647, 2¹²⁷ − 1. మన సంఖ్యను ఘాతాంకంగా పెట్టి మరో మెట్టు ఎక్కితే ఏమవుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. 2ను 2147483647 సార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యలో 64 కోట్ల 64 లక్షలకు పైగా అంకెలుంటాయి. దాన్ని లూకా–లేమర్ పరీక్షకు పెట్టనవసరం లేకుండానే జవాబు దొరికింది: అది ప్రధానం కాదు, 295257526626031 అనే పదిహేను అంకెల సంఖ్య దాన్ని భాగిస్తుంది.

ఆ భాజకాన్ని ఎక్కడ వెతకాలో ఆయిలర్ తర్కమే చెబుతుంది. ఘాతాంకం 31 అయినప్పుడు భాజకం 62 గుణిజానికి ఒకటి ఎక్కువ కావాలి. ఇప్పుడు 31 స్థానంలో 2147483647 ఉంది కాబట్టి భాజకం 4294967294 గుణిజానికి ఒకటి ఎక్కువ కావాలి, 8తో భాగిస్తే 1 గాని 7 గాని మిగలాలి. 4294967294ని 68745తో గుణించి ఒకటి కలపండి, 295257526626031 వస్తుంది. దాని చివరి మూడంకెలు 031ని 8తో భాగిస్తే 7 మిగులుతుంది.